ఎలుగు పోలీసులకు పిల్లి చెప్పిన పాఠం

అడవి అంచున ఒక పోలీసు ఠాణా. అందులో పోలీసులంతా ఎలుగులే. వాళ్లకు లాఠీ పట్టడం నేర్పిన గురువు నక్క గురవయ్య. పన్నెండేళ్లు ఠాణా ముందున్న గురువు బండమీద కూర్చుని సెల్యూట్లు అందుకున్నాడు. మొన్న గొర్రెల దొడ్డి దగ్గర రాగి అనే కుక్కను సాక్ష్యం అడగబోయి, అది మొరిగేసరికి ఓ ఎలుగు లాఠీ ఎత్తింది. రాగి దాని పిక్క పట్టేసింది. దాంతో ఠాణా పెద్ద ఏనుగు దొర గురవయ్యను దింపి, పిల్లి చుక్కమ్మను ఆ బండమీద కూర్చోబెట్టాడు.

గురవయ్యకు కడుపు రగిలిపోయింది. "చారెడు లేదు, దీనికి సెల్యూట్లా!"

"మూడు కుక్కలున్న ఇంట్లో ఏడేళ్లు నెగ్గుకొచ్చింది. నువ్వు ఏడు రోజులుంటావా?" అన్నాడు ఏనుగు.

చుక్కమ్మ పాఠమెత్తుకుంది. "కుక్క మొరిగితే దగ్గరికి రావద్దని అర్థం నాయనా. ఆగండి. లాఠీ దించండి. కళ్లలోకి చూడకండి. పక్కకు తిరిగి నిలబడి వాసన చూసుకోనివ్వండి. చచ్చినా పరిగెత్తొద్దు."

"తల వంచుకు నిలబడటానికి వీళ్లు పోలీసులా, పెళ్లికూతుళ్లా?" అంటూ గురవయ్య చెవులు మూసుకుని సగంలోనే లేచిపోయాడు.

"రేపు రాగి దగ్గరే పరీక్ష," అన్నాడు ఏనుగు. "పోలీసుల్లో ఒక్కడికి కాటు పడినా గురవయ్యే గురువు. పడకపోతే చుక్కమ్మ."

తెల్లారి రాగి నీళ్లకు వెళ్లింది. గురవయ్య గడ్డిలోంచి దాని కూనను నోట కరుచుకుని ముళ్లపొదలో పడేసి, గట్టు చాటున నక్కాడు. రాగి తిరిగొచ్చేసరికి పొదలో కూన ఏడుపు, ఎదురుగా పరీక్షకొచ్చిన ఎలుగులు!

"నా బిడ్డను ముట్టిందెవడ్రా?" అని మీదికి దూకబోయింది.

 ఎలుగులు లాఠీలు దించి పక్కకు తిరిగారు. "మేం కాదమ్మా, వాసన చూసుకో," అన్నాడొకడు నేలచూపులు చూస్తూ.

రాగి ఒక్కొక్కరినీ వాసన చూసింది. తర్వాత పొదలోని కూనను వాసన చూసింది. ముక్కు నెమ్మదిగా గట్టువైపు తిరిగింది.

 "కొట్టండ్రా! లాఠీలెత్తండ్రా!" అని అరిచి గురవయ్య లంకించుకున్నాడు పరుగు.

"పరిగెత్తొద్దు గురువుగారూ! పక్కకు తిరిగి నిలబడండి!" అని కేకలేశారు ఎలుగులు.

ఆ పాఠం ఆయన వింటేగా! సగం తోక రాగి నోట్లో ఉండిపోయింది.

"కాటు పడింది, కానీ పోలీసులకు కాదు," అన్నాడు చుక్కమ్మతో కలిసి పరీక్ష చూస్తున్న ఏనుగు.

"మందు రాసుకుని రా గురవయ్యా," అంది చుక్కమ్మ. "రేపటి తరగతిలో ముందు వరస నీదే."

అసూయతో చెవులు మూసుకున్నవాడికి, ప్రాణం కాపాడే మాట కూడా వినిపించదు.