అడుగున్నర గీత

ఇలియాస్ వెబ్‌సైటులో గీత మాటిమాటికీ తెగిపోతోంది. వారం నుంచి అతనికి అదే దిగులు.

అది ఎర్రవాగు నీళ్ల గీత. వాగుకు ఇవతలి ఒడ్డున షా బాబా ఉండే తకియా, అంటే ఫకీర్ల మఠం, ఉంది. అవతల అడవిలో పదకొండు ఊళ్లున్నాయి. రెంటికీ మధ్య ఒక లోలెవల్ వంతెన. నీళ్లు మూడడుగులు దాటితే అది మునిగిపోతుంది. ఆసుపత్రి, సంత, బస్సు అన్నీ ఇవతలే. అవతలివాళ్లు అరగంట అడవిదారిలో వచ్చి, వాగు చూసి, ఎన్నోసార్లు వెనక్కి పోయేవారు. లేదంటే రాళ్లదారిన చాలా దూరం చుట్టు తిరిగి పెద్ద వంతెన మీదుగా వచ్చేవారు.

షా బాబా ఒకప్పుడు నీటిపారుదల శాఖలో పనిచేశారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక పెద్ద నది ఒడ్డున నీటిమట్టం చూసి రాసే ఉద్యోగం. రిటైరయ్యాక తన గురువు సమాధి ఉన్న ఈ తకియాకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇలియాస్ కరీంనగర్‌లో కంప్యూటర్లు చదివాడు. రెండేళ్ల కిందట, మనసు నిలవడం లేదంటూ వచ్చి బాబా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. బాబా అతనికి జపమాల ఇవ్వలేదు. కళ్లు మూసుకోమనలేదు.

"వాగవతలోళ్లకు పనికొచ్చేది ఏదన్నా చెయ్యి" అన్నారు.

ఇలియాస్ వంతెన స్తంభానికి ఒక చిన్న పెట్టె బిగించాడు. అది పావుగంటకోసారి నీళ్లెంతున్నాయో కొలిచి పంపుతుంది. ఆ అంకెలన్నీ వెబ్‌సైటులో నీలిగీతగా మారతాయి. గీత మీద ఎక్కడ వేలు పెడితే అక్కడ, ఆ వేళకు నీళ్లెన్ని అడుగులో పైకి వస్తుంది. వేలితో పక్కకు జరిపితే నిన్న, మొన్న, పోయిన నెల అన్నీ కనిపిస్తాయి. మూడడుగుల దగ్గర అడ్డంగా ఒక ఎర్రగీత. నిమిషానికోసారి ఆ బొమ్మ దానంతటదే మారుతుంది. చదువు రానివాళ్లు కూడా నీలిగీత ఎర్రగీత కిందే ఉందో లేదో చూసి బయల్దేరడం నేర్చుకున్నారు.

వచ్చిన చిక్కల్లా ఆ పెట్టెతోనే. మబ్బు పడితే దానికి ఎండ చాలదు. గంటో రెండు గంటలో మూగబోతుంది. అప్పుడు గీత తెగి, ఖాళీ మిగిలి, మళ్లీ ఎక్కడో మొదలవుతుంది. మండలాఫీసు నుంచి చూడ్డానికి వచ్చిన ఒకాయన నవ్వి, "అంతా బాగుంది గానీ, నీ గీతకు పళ్లూడినయ్" అన్నాడు. ఆ మాట ఇలియాస్‌కు ముల్లులా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం బాబా వరండాలో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతున్నారు. ఇలియాస్ తన బాధ చెప్పుకున్నాడు.

"గీత తెగినచోట వాగు ఆగిందా?" అని అడిగారు బాబా.

"లేదు బాబా. వాగెందుకు ఆగుతుంది? పెట్టె ఆగింది."

"ఊఁ" అని బాబా మళ్లీ పప్పులోకి వంగారు.

వాగు ఆగలేదు కాబట్టి గీత కూడా ఆగకూడదని బాబా అన్నట్టుగా ఇలియాస్ అర్థం చేసుకున్నాడు. లోపలికి వెళ్లి నాలుగు వరుసల కోడ్ రాశాడు. ఇకమీదట పెట్టె మూగబోతే, అది చివరగా పంపిన అంకెనే పట్టుకుని గీత ముందుకు సాగుతుంది. పెట్టె మళ్లీ పలికితే అక్కడికి వెళ్లి కలుస్తుంది. ఎక్కడా అతుకు తెలియదు.

మర్నాడు బాబాకు ఫోన్లో చూపించాడు. బాబా గీత పొడుగునా వేలు జరిపి, "నున్నగా ఉంది" అన్నారు. ఇలియాస్‌కు అదే చాలనిపించింది. ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. వానలు తగ్గాయి. వాగు నిదానంగా పారింది. గీత కూడా అట్లాగే సాగింది.

పదకొండో రోజు మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక ఫోన్ మోగింది. అవతలి ఊరి ఆశా కార్యకర్త సత్తెమ్మ. లచ్చుబాయికి పురిటినొప్పులు మొదలయ్యాయనీ, ఆటోలో ఎక్కించామనీ చెప్పింది.

"నీళ్లు అడుగున్నరే చూపిస్తున్నది. నిజమేనా తమ్మీ?"

ఇలియాస్ ముందర లాప్‌టాప్ తెరిచే ఉంది. నీలిగీత ఎర్రగీతకు ఎంతో కింద, తీరుగా, నిదానంగా ఉంది.

"అడుగున్నరే అక్కా. ఏం భయం లేదు, రండి."

ఫోన్ పెట్టేసి, పేజీలో అక్షరాల సైజు సరిచేసే పనిలో పడ్డాడు. పావుగంట గడిచింది. బాబా గుమ్మంలో నిలబడ్డారు.

"నీ గీత ఎంత అంటున్నది, బేటా?"

"అడుగున్నర, బాబా."

బాబా గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఇలియాస్ తలెత్తి చూశాడు. ఆయన పైజామా మోకాళ్ల దాకా తడిసి ఉంది. తడి ఎర్రగా ఉంది.

"ఎక్కడ తడిశారు?"

"మన వాగు మెట్టు మీద."

ఆ మెట్టు మీదికి నీళ్లు రావాలంటే వంతెన మునిగిపోయి ఉండాలి. ఇలియాస్ చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు పరుగెత్తాడు.

ఇక్కడ చినుకు లేదు. పైన కొండల్లో ఎక్కడో కుండపోతగా కురిసి ఉండాలి. వంతెన కనిపించడం లేదు. అది ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. కొట్టుకొచ్చిన కొమ్మలు, ఆకులు స్తంభం చుట్టూ గూడు కట్టాయి. పెట్టె వాటి కింద ఎక్కడో ఉంది.

ఫోన్లో పెట్టె పంపిన అసలు అంకెలు తీసి చూశాడు. పెట్టె చివరిసారి పలికింది పదకొండు గంటలకు. అప్పటి అంకె అడుగున్నర.

సత్తెమ్మకు ఫోన్ చేశాడు. అడవిదారిలో సిగ్నల్ లేదు. మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు. అవతలి ఒడ్డున దారి ఒక మలుపు తిరిగి నేరుగా వంతెన మీదికి జారుతుంది. మలుపు దాటేదాకా ఆటోవాడికి నీళ్లు కనిపించవు. దాటాక బ్రేకు వేసినా బండి ఆగుతుందన్న నమ్మకం లేదు.

వెబ్‌సైటు మీద పెద్ద అక్షరాల్లో 'వాగు దాటొద్దు' అని పెట్టాడు. ఫోన్లు అందని దారిలో దాన్ని ఎవరు చూస్తారని?

తువ్వాలు విప్పి గాల్లో ఊపుతూ నిలబడ్డాడు. బాబా కూడా వచ్చి, తన ఆకుపచ్చ శాలువా తీసి రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. అవతలి మలుపు దగ్గర ఎవరూ లేరు. ఒకటీ పది అయింది. ఆ వేళకు ఆటో రావాలి. ఒకటిన్నర అయింది.

"నేనే రమ్మన్నాను బాబా" అన్నాడు ఇలియాస్.

"విన్నాను."

బాబా చేతులు దించలేదు. డెబ్బై ఏళ్ల ఆ చేతులు అలసిపోతున్నాయి. ఇలియాస్ శాలువా ఒక కొస అందుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. నీళ్లలో నల్లగా ఏది కొట్టుకొచ్చినా ఇలియాస్ మెడ చాచి చూస్తున్నాడు. ఒకసారి ఒక మొద్దు వచ్చింది. ఇంకోసారి ఎవరిదో కోళ్ల గంప వచ్చింది. ఆటో మాత్రం మలుపు దగ్గర కనిపించలేదు. వీళ్లు ఒడ్డుకు రాకముందే వచ్చి ఉంటే? ఆ మాట అతను పైకి అనలేకపోయాడు.

రెండున్నర దాటాక ఫోన్ మోగింది.

"తమ్మీ, ఆడపిల్ల" అంది సత్తెమ్మ. "తల్లీపిల్లా మంచిగున్నరు."

ఇలియాస్ ఉన్నచోటనే బురదలో కూలబడ్డాడు.

"ఉన్నవా తమ్మీ?"

"ఎక్కడున్నరక్కా మీరు?"

"ఆసుపత్రిలనే. ఇప్పచెట్టు కాడ బండి మళ్లించిన. రాళ్లదారి పట్టి పెద్ద వంతెన మీదికెళ్లి వచ్చినం. లచ్చుబాయి మస్తు తిప్పలపడ్డది పాపం. లోపలికి తీసుకపోయిన పది నిమిషాలకే కాన్పయింది."

"నేను రమ్మన్న కదా అక్కా. ఎందుకు మళ్లినవ్?"

"ఏమో తమ్మీ. నీతోని మాట్లాడినంక కూడా ఆటోల కూసోని, సిగ్నల్ ఉన్నంతసేపు ఆ గీతనే చూసుకుంట వచ్చిన. గంటన్నరసంది కదల్లేదది. తాడు గుంజి కట్టినట్టున్నది. వాగు ఎప్పుడన్న అట్లుంటదా? జానెడన్న ఎక్కుతది, బెత్తెడన్న దిగుతది. నాకు మనసొప్పలే."

ఇలియాస్ కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధం ఆడాలని కూడా అనిపించలేదు.

"అది వాగు గీత కాదక్కా. పెట్టె పదకొండుకే ఆగిపోయింది. ఆ తర్వాతది నేను గీసింది."

అటు వెనక ఒక పసిగొంతు కీచుగా ఏడుస్తోంది. ఎవరో దాన్ని ఊరుకోబెడుతున్నారు.

"తెలవకుంటే తెలవదని పెట్టు తమ్మీ" అంది సత్తెమ్మ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మేం చుట్టు తిరిగి పోతం. చుట్టు తిరుగుడు మాకు అలవాటే."

ఫోన్ పెట్టేశాక ఇలియాస్ బాబాకు అంతా చెప్పాడు. నవ్వుతూ, ఏడుస్తూ, ముందుది వెనక, వెనకది ముందు చెప్పాడు. బాబా ఓపిగ్గా విన్నారు. "బిడ్డ ఎంత బరువుందట?" అని అడిగారు. అది అడగలేదని ఇలియాస్ అంటే, "అడగాలి కదా" అని, శాలువా దులిపి భుజాన వేసుకున్నారు. ఇద్దరూ పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. బాబా కిచిడీ పొయ్యి మీద పెట్టారు. నెయ్యి ఎప్పటికన్నా రెండు చెంచాలు ఎక్కువే వేశారు.

కడుపులో ముద్ద పడ్డాక ఇలియాస్‌కు ధైర్యం వచ్చింది. మనసు తేలికైంది. ఆ తేలికలో నోరు కూడా తెరుచుకుంది.

"బాబా, ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు తెలిసిపోయింది. పాత అంకెను పట్టుకుని సాగనివ్వడం తప్పు. కొండల్లో వాన ఎంత పడిందో ఆ లెక్క కూడా తీసుకుంటాను. పోయిన రెండు వానాకాలాల అంకెలు ఉండనే ఉన్నాయి. అవన్నీ కలిపితే, పెట్టె ఆగినా గీత వాగులాగే ఎక్కుతుంది, దిగుతుంది. అచ్చం వాగులాగే. సత్తెమ్మక్క కూడా పట్టుకోలేదు."

బాబా చెయ్యి కడుక్కుని తుడుచుకున్నారు.

"ఫోనివ్వు" అన్నారు.

ఇలియాస్ ఇచ్చాడు. గీత ఇంకా అడుగున్నర దగ్గరే సాగుతోంది. బయట వాగు హోరు వంటింట్లోకి వినిపిస్తోంది. బాబా గీత చివర బొటనవేలు పెట్టారు. గోరు పైన చిన్న గడిలో అంకె లేచింది. మూడు గంటల ఇరవై నిమిషాలు, అడుగున్నర.

"ఈ లెక్క ఎవరు చూసిన్రు?"

ఇలియాస్ ఎంగిలి పళ్లెం పక్కకు జరిపాడు.

బాబా వేలిని ఎడమకు జరుపుతూ పోయారు. మూడు గంటలు, అడుగున్నర. రెండు గంటలు, అడుగున్నర. పన్నెండు, అడుగున్నర. పదకొండు దగ్గర ఆగారు. బొటనవేలిని అడ్డంగా వాల్చి, అక్కణ్ణుంచి చివరిదాకా గీతనంతా కప్పేశారు.

"ఇక్కడిదాకా వాగు" అన్నారు. "ఇక్కణ్ణుంచి నువ్వు."

వేలు తియ్యలేదు. అట్లాగే కూర్చున్నారు.

ఇలియాస్ ఆ వేలివైపు చాలాసేపు చూశాడు. తర్వాత లేచి లాప్‌టాప్ తెచ్చుకుని బాబా ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు వరుసలు వెతికి పట్టుకున్నాడు. వాటిని రాసిన రోజు ఎంత సంబరపడ్డాడో గుర్తొచ్చింది. ఒక్కొక్కటే తీసేశాడు. తీసేస్తున్నకొద్దీ, పొద్దున్నుంచీ భుజాల మీద మోస్తున్నదేదో దిగిపోతున్నట్టనిపించింది.

"అయింది బాబా. నిమిషంలో మారుతుంది."

నిమిషం గడిచింది. బాబా వేలెత్తారు. కింద తెల్లగా ఉంది. అదేచోట మళ్లీ నొక్కి చూశారు. ఏ అంకే రాలేదు.

ఆయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆ ఖాళీని తీరిగ్గా చూశారు.

"ఇప్పుడు నీళ్లు కనబడుతున్నయి" అన్నారు.