కొట్టండి అన్న మాట

కూర్మారావు మాస్టారిని ఏ ప్రశ్న అడిగినా ముందుగా వచ్చే జవాబు ఒక్కటే: "గొట్టం చుట్టావా?" అగ్నిమాపక శాఖలో జుట్టు నెరిసేదాకా పనిచేసి, రిటైరయ్యాక నాగావళి ఒడ్డున ఉన్న ఓ కమ్యూనిటీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చారాయన. ఇవాళ గొట్టం సరిగ్గా చుట్టనివాడు రేపటి మంట దగ్గర నవ్వులపాలవుతాడని ఆయన నమ్మకం. అందుకని శిష్యులు తమ సందేహాలన్నీ దాచుకుని, గొట్టాలు చుట్టేవేళ అడిగేవారు.

ఆ సాయంత్రం నూకరత్నం కూడా తడిసిన గొట్టాన్ని చుడుతూనే అడిగింది. "మాస్టారూ, ఆజ్ఞ అనేది ఎంత పొడవుండాలండీ?"

అడగడం మామూలుగానే అడిగింది గానీ, ఊరికే అడగలేదు. కారణముంది. ఆ కాలేజీలో ఖాకీ కొలువుల చదువుకి రెండు బ్యాచ్‌లు. లాఠీ పట్టేది పోలీసు బ్యాచ్, గొట్టం పట్టేది ఫైరు బ్యాచ్. ఫైరు బ్యాచ్‌లో చేరడానికి నూకరత్నం అన్నం మానేసి మరీ ఇంట్లోవాళ్ళని ఒప్పించింది. నిచ్చెనెక్కడంలో, బరువు మొయ్యడంలో ఆమెకి వంకపెట్టేవాడు లేడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. బ్యాచ్‌ని నడిపించే వంతు తనదైనప్పుడు, "రాజూ, నువ్వు నాజిల్ పట్టుకుని గోడకి ఎడంపక్క నిలబడు నాయనా, నేను చెయ్యెత్తాక నీళ్ళు వదులు" అంటూ పెళ్ళిపనులు పురమాయించినట్టు చెప్పేది. గ్రౌండంతా నవ్వేది.

ప్రిన్సిపాల్ విశ్వేశ్వరం గారు మాత్రం నవ్వలేదు. "ఆజ్ఞ అంటే ఒక్క మాటమ్మా. నీకది పట్టుబడేలా లేదు. రేపు వార్షిక ప్రదర్శన అయిపోగానే నిన్ను ఆఫీసు పనుల కోర్సుకి మార్చేస్తాను" అనేశారు. ప్రదర్శనలో రెండు బ్యాచ్‌లనీ నడిపించే పని పోలీసు బ్యాచ్ చక్రధర్‌కి అప్పగించారు. అతను మంచివాడే. కాకపోతే భోజనం దగ్గర కూడా ఒక్క మాటకి మించి మాట్లాడి ఎరగడు.

మాస్టారు ఆమె ప్రశ్న విని, చుట్టిన గొట్టం వంక తృప్తిగా చూశారు. "రేపు దీన్ని విప్పుతాం కదమ్మా. అప్పుడు చూద్దాంలే" అన్నారు. నూకరత్నానికి ఒళ్ళు మండింది. తన చదువు మంటగలిసిపోతుంటే ఈయనకి గొట్టం గోలేమిటని, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు గ్రౌండు మధ్య ఓ తాటాకు పాక వేశారు. దానికి నిప్పంటించాలి. ఫస్టియర్ పిల్లలు వింత చూడ్డానికి ఎగబడే జనంలా నటించాలి. పోలీసు బ్యాచ్ తాడు పట్టి వాళ్ళని ఆపాలి, ఫైరు బ్యాచ్ మంట ఆర్పాలి. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంతో ఆ హడావిడిలో పంపు బండికి కొబ్బరికాయ కొట్టడం మరిచిపోయి, పాకకి నిప్పంటించేశారు. పాపం అటెండరు అప్పన్న కాయ చేత్తో పట్టుకుని, ఎవరైనా చెప్పకపోతారా అని ఎదురుచూస్తున్నాడు.

మంట బాగా లేచింది. చక్రధర్ ఛాతీ విరిచి, కంచుగొంతుతో అన్నాడు.

"కొట్టండి!"

అతని ఉద్దేశం నీళ్ళు కొట్టమని. అది కాస్తా అతని కడుపులోనే ఉండిపోయింది. పోలీసు బ్యాచ్ ఆ మాట తమకే అనుకుని, తాడు వదిలేసి లాఠీలెత్తి జనం మీదికి ఉరికింది. అటెండరు హమ్మయ్య అనుకుని కొబ్బరికాయ కొట్టాడు. వాచ్‌మన్ గంట కొట్టాడు. గంట వినగానే ఫస్టియర్ పిల్లలు లాఠీలనీ మంటనీ మరిచిపోయి క్యాంటీన్‌కి పరుగు తీశారు. బండి డ్రైవరు హారన్ కొట్టాడు. వేదిక మీది ముఖ్య అతిథి, తనని కూడా కలుపుకునే అన్నారనుకుని చప్పట్లు కొట్టారు. నీళ్ళు కూడా కొట్టారు, కాదనడానికి లేదు. కాకపోతే నాజిల్ పట్టుకున్న రాజు లాఠీలని తప్పించుకుంటూ వెనక్కి తిరిగిపోవడంతో, ప్రిన్సిపాల్ గారు నిలువునా తడిశారు.

చక్రధర్‌కి కంగారు పుట్టింది. మళ్ళీ "కొట్టండి!" అన్నాడు, ఇంకాస్త గట్టిగా. అంతా మళ్ళీ మొదలైంది. అటెండరు రెండో కాయ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఈలోగా గాలి తిరిగింది. పాక మీంచి నిప్పురవ్వలు క్యాంటీన్ ముందున్న తాటాకు పందిరి వైపు ఎగిరాయి. పిల్లలంతా ఆ పందిరి కిందే ఉన్నారు. నూకరత్నం మాస్టారి కోసం చూసింది. ఆయన చెయ్యి పంపు మీదే ఉంది, చూపు మాత్రం ఆమె మీద ఉంది. ఇక ఆమెకి నవ్వేవాళ్ళూ గుర్తులేరు, ఆఫీసు కోర్సూ గుర్తులేదు.

"రాజూ, ప్రిన్సిపాల్ గారిని వదిలేసి నాజిల్ క్యాంటీన్ పందిరి మీదికి తిప్పు నాయనా, అది తడిశాక పాక సంగతి చూద్దువుగాని. చక్రధర్, మీవాళ్ళు లాఠీలు కింద పడేసి పిల్లల్ని పందిరి కిందనించి గేటు వైపు తీసుకెళ్ళాలి, చిన్నగా, తోపులాట లేకుండా. అప్పన్నా, కొబ్బరికాయలు చాలు. వెళ్ళి క్యాంటీన్‌లో గ్యాస్ కట్టెయ్యి."

ఎవరి పని వాళ్ళకి తెలిసింది. పందిరి తడిసింది, పిల్లలు గేటు చేరారు, పాక కూడా చల్లారి బొగ్గయింది. ముఖ్య అతిథి మళ్ళీ చప్పట్లు కొట్టారు, ఈసారి ఎవరూ చెప్పకుండానే.

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ వేదిక మీంచి కిందికి దిగారు. "అప్పన్నా" అన్నారు. అప్పన్న కదల్లేదు, తరవాతి మాట కోసం చూశాడు. ఆయన గొంతు సవరించుకున్నారు. "అప్పన్నా, నా గదిలో బీరువా పక్కన కొక్కేనికి తువ్వాలు ఉంటుంది, అది తెచ్చిపెట్టు. వస్తూ వస్తూ ఆఫీసులో చెప్పు, ఈ అమ్మాయి ఫైరు బ్యాచ్‌లోనే ఉంటుందని."

సాయంత్రం గ్రౌండు ఖాళీ అయ్యాక నూకరత్నం మాస్టారి దగ్గరికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. సంతోషం పట్టలేకపోతోంది. "మాస్టారూ, నాకిప్పుడు తెలిసిందండీ! నిన్న నేనడిగినదానికి మీరు జవాబు చెప్పలేదని కోపమొచ్చింది గానీ, అసలు సంగతేమిటంటేనండీ, ఆజ్ఞ పొడవుండాలా పొట్టిగా ఉండాలా అని కాదు, గొట్టంలాగే అది మంటదాకా అందాలండీ, ఇప్పుడు ఆ రాజునే తీసుకోండి, వాడు..."

మాస్టారు నవ్వుతూ చెయ్యెత్తారు.

"మంట ఆరిపోయిందమ్మా. ఇక గొట్టం చుట్టెయ్."