నాలుగో చుక్క

నూకరాజుకి తొమ్మిదేళ్లుగా ఒకటే లోటు. అతనికి సొంత ముద్ర లేదు.

కడియం రోడ్డు మీద సోమలింగాచారి గారి మెకానిక్ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బోల్టు దిగే రంధ్రంలో పాడైన మరని, అంటే లోపలి చుట్ల గాడిని, బాగు చేసినప్పుడల్లా ఆ రంధ్రం పక్కనే, ఇనుము మీద, మొనదేలిన సెంటర్ పంచ్‌తో చిన్న ముద్ర కొడతారు. ఆచారి గారి ముద్ర మూడు చుక్కలు. కంటికి సరిగ్గా ఆనవు గానీ, వేలితో తడిమితే తెలుస్తాయి. ఆయన గురువుగారిది రెండు చుక్కలట. ముద్ర ఎవరికి వాళ్లు కొట్టుకునేది కాదు. గురువు పంచ్ చేతికిచ్చి "కొట్టు" అనాలి. అంతవరకూ శిష్యుడు చేసిన పని మీద కూడా గురువు చుక్కలే పడతాయి.

మా చుట్టుపక్కల నర్సరీల్లో మొక్కల వరసల మధ్య తిరిగే బుల్లి ట్రాక్టర్లు చాలా ఉన్నాయి. ముప్పై ఏళ్లవి, నలభై ఏళ్లవి. వాటి సామాను ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదు. బోల్టు పట్టే మర పోయిందంటే కొత్త భాగం దొరకదు, ఉన్నదాన్నే బతికించుకోవాలి. అలా బతికించే చోటు ఈ జిల్లా మొత్తానికి ఆచారి గారి షెడ్డే. మా ఊరి గొప్ప చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. సరే, కొంచెం అందుకే అనుకోండి.

నూకరాజు పనిమంతుడు, కాదనడానికి లేదు. మర కోసే ట్యాపుని రంధ్రంలో పెట్టి అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతుంటే పక్కన నిలబడి చూడబుద్ధేస్తుంది. ఇనుప రజను సన్నగా రాలుతుంది, ఆ చెయ్యి మాత్రం వణకదు. ముప్పై రెండేళ్లకే పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్లు "నూకరాజు ఉన్నాడా?" అని పేరు పెట్టి అడిగేవారు. అలా అడిగినప్పుడల్లా అతని మెడ ఒక అంగుళం సాగేది.

ముద్ర ఇంకా రాకపోయినా, ముద్ర కొట్టే పంచ్ మాత్రం తయారు చేయించి పెట్టుకున్నాడు. రాజమండ్రిలో అచ్చులు చెక్కే మనిషి దగ్గర నచ్చక రెండుసార్లు తిప్పి చేయించాడు. "నూ" అన్న అక్షరం, దాని చుట్టూ సూర్యకిరణాలు. ముఖమల్ గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు తీసి చూసుకునేవాడు. అతని క్యారేజీకి పై గిన్నె మూత లేదు, చిన్న పళ్లెం బోర్లించి గుడ్డతో కట్టుకొచ్చేవాడు. మూత కొనుక్కోవడానికి మాత్రం ఎప్పుడూ తీరిక దొరకలేదు.

ప్రతి ఏడూ ఆయుధ పూజ రోజున పనిముట్లకి కుంకుమ బొట్లు పెట్టాక, నూకరాజు చేతులు కట్టుకుని అడిగేవాడు.

"ఈ ఏడైనా నాకు ముద్ర ఇప్పిస్తారా గురువు గారూ?"

ఆచారి గారు ప్రతిసారీ ఒకటే మాట అనేవారు.

"ఇంకోటి రావాలిరా."

ఏదో రాని విద్య ఉందనుకున్నాడు నూకరాజు. వంకర గొట్టాలకి మర కొయ్యడం నేర్చుకున్నాడు. విరిగిపోయిన ట్యాపుని రంధ్రంలోంచి ఊడదీయడం నేర్చుకున్నాడు. అయినా ఆ మాట మారలేదు. లోపల మండేది. తన పనికి మూడు చుక్కలు పడుతుంటే, తన బిడ్డకి పక్కింటాయన పేరు పెట్టినట్టుండేది.

ఈ ఏడు వానలు మొదలవగానే మంగాయమ్మ గారు తన నర్సరీ ట్రాక్టరుని స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. ఎర్ర రంగు బండి. వేసవిలో ఆలమూరు దగ్గర ఎవరో అమ్మితే కొన్నారట.

"గేర్ల పెట్టెలోంచి ఆయిలు కారిపోతంది నూకరాజూ. రేపు రెండు లోడ్ల గులాబీలు పంపాలి. ఇది కదలకపోతే మొక్కలన్నీ నా గుమ్మంలోనే పూస్తాయి," అన్నారావిడ.

నూకరాజు ఆ పెట్టె మూత విప్పాడు. నాలుగు బోల్టులు. మూడు నిటారుగా పైకొచ్చాయి. నాలుగోది తాగినవాడిలా పక్కకి ఒరిగి వచ్చింది. రంధ్రంలో మర వంకరగా కోసి ఉంది. బోల్టు తల ఒక పక్కే ఆనుతుంటే, రెండో పక్క సందు కనపడకుండా ఎవరో రేకు ముక్క మడతపెట్టి దూర్చారు. ఇన్నేళ్లకి ఆ కాస్త మర కూడా అరిగిపోయి, మూత ఆ మూల వదులై, ఆయిలు కారుతోంది.

నూకరాజు ఒక్కసారి పకపకా నవ్వాడు.

"ఎవడండీ బాబూ ఈ మహానుభావుడు? ట్యాపుతో కోశాడా, గునపంతో పొడిచాడా? రేకు చూడండి, పాపం, చొక్కా చిరిగితే అతుకేసినట్టు ఏశాడు! ఈడు గానీ నాకు దొరకాలండీ, చెవి పట్టుకుని ఇక్కడ కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఈ కన్నంలోకే చూపిత్తాను."

మంగాయమ్మ గారు కూడా నవ్వారు. మధ్యాహ్నం వస్తానని చెప్పి ఇంటికి నడిచారు.

ఆచారి గారు లేచి వచ్చి, ఆ రంధ్రం చుట్టూ వేలు పెట్టి తడిమారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ రంగు గీకు."

నూకరాజు గీకాడు. ఎర్ర రంగు కింద పచ్చ రంగు ఉంది. ఆ పచ్చ రంగులోంచి ఇనుములోకి దిగిన మూడు చుక్కలు ఉన్నాయి.

నూకరాజుకి ముందు సిగ్గేసింది, గురువు పనిని మంగాయమ్మ గారి ముందు అంతలేసి మాటలన్నందుకు. ఆ వెనకే, చెప్పకూడదు గానీ, లోలోపల చిన్న సంతోషం కూడా కలిగింది. ఇంత పెద్దాయన చెయ్యీ ఒకప్పుడు తప్పిందన్నమాట. తన చెయ్యి ఎన్నడూ తప్పలేదు మరి.

"పోన్లెండి గురువు గారూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కోసారి అలా అయిపోద్దండి. నేనెవరికీ చెప్పను లెండి."

ఆచారి గారు అతని మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు.

"ఆ రేకు కడుగు."

"దాన్నేం చేసుకుంటామండీ, పారేద్దాం."

"కడుగు."

నూకరాజు రేకుని కిరసనాయిల్లో ముంచి గుడ్డతో తుడిచాడు. మడత విప్పాడు. స్టీలు రేకు. దాని మీద సన్నని చుక్కలతో చెక్కిన అక్షరాలు, స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు చెక్కుతారే, అలాంటివి. రెండు అక్షరాలు పూర్తిగా ఉన్నాయి.

"కరా."

అటు "నూ"ని, ఇటు "జు"ని కత్తెర తినేసింది.

నూకరాజు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. అంతా కళ్ల ముందుకి వచ్చింది. షెడ్డులో చేరిన మొదటి వానాకాలం. ఈ బండి అప్పుడు పచ్చగా ఉండేది. లోడెత్తిన మొక్కలు వాడిపోతున్నాయని ఆ నర్సరీ ఆసామి నెత్తి మీద నిలబడి ఒకటే గోల. నిటారుగా ఉందో లేదో మూలమట్టం పెట్టి చూసుకోకుండానే తను ట్యాపు దించేశాడు. వంకర పోయిందని తెలిశాక భయపడిపోయి, క్యారేజీ మూత కత్తిరించి, మడతపెట్టి బోల్టు కింద దూర్చాడు. పేరు చెక్కించి మరీ కొన్న మూత పాడు చేశాడని అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఆచారి గారు వచ్చి బోల్టుని వేలితో తడిమారు. తనని ఏమీ అనలేదు. "ఈ లోడు దించేసి బండి మళ్లీ తీసుకురండి, దీన్ని తీసి సరిగ్గా చేస్తాం," అని ఆసామికి చెప్పి, మూడు చుక్కలు కొట్టి పంపారు. ఆసామి బండి తీసుకురాలేదు. ఎవరికో అమ్మేశాడని ఆ తర్వాత తెలిసింది.

అది తెలిశాక నూకరాజు హాయిగా మరిచిపోయాడు. మరిచిపోనిది ఆచారి గారొక్కరే.

"మీరు రావాలన్న ఆ ఇంకోటి... ఇదేనాండీ?"

ఆచారి గారు బల్ల మీద ట్యాపూ, మూలమట్టమూ పెట్టి, ఎదురుగా ఉన్న కొట్టుకి టీ తాగడానికి వెళ్లిపోయారు.

గేర్ల పెట్టె అంచు ఆ మూల పల్చగా ఉంది. వెంట్రుక వాసి పక్కకి జరిగినా పోత ఇనుము పగులుతుంది. పగిలితే మంగాయమ్మ గారి బండి పాత ఇనుములోకే. నూకరాజు వంకర రంధ్రాన్ని నిటారుగా, వెడల్పుగా తొలిచాడు. దానికి పెద్ద మర కోసి, సరిపడా ఇనుప బుష్, అంటే బోలు గొట్టం ముక్క, తయారు చేసి బిగించాడు. ఆ బుష్ మధ్యలో మళ్లీ బోల్టుకి సరిపోయే మర మొదలుపెట్టాడు. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. ప్రతి చుట్టుకీ మూలమట్టం ఆనించి చూశాడు. ఎప్పుడూ వణకని చెయ్యికి చెమట పట్టింది. రెండుసార్లు ఆగి లుంగీకి తుడుచుకున్నాడు.

రెండు గంటలకి పని అయింది. కొత్త బోల్టుని పెట్టి, పానా ముట్టుకోకుండా, రెండు వేళ్లతో తిప్పాడు. చివరిదాకా దిగింది. అటువంటి మర ఈ జిల్లాలో ఇంకొకరు కొయ్యలేరని నేను ఎక్కడైనా చెబుతాను.

అప్పుడు నూకరాజు ఆకురాయి తీసుకుని ఆ పాత మూడు చుక్కల మీద పెట్టాడు. అప్పటికే టీ తాగి వచ్చి వెనక నిలబడ్డ ఆచారి గారు అతని మణికట్టు పట్టుకున్నారు.

"ఏం చేస్తన్నావురా?"

"మీ చుక్కల కింద నా తప్పు ఉండకూడదండి."

"ఆరోజు ఆ బండిని పంపింది నేను. అవి నావే. ఉండనీ."

మంగాయమ్మ గారు వచ్చారు. బండి స్టార్టు చేసి పావుగంట తిప్పి చూశారు. కింద కాగితం పరిచి చూశారు. ఒక్క చుక్క ఆయిలు పడలేదు. ఆవిడ మొహం విప్పారింది.

"ఇంతకీ ఆ పని చేసిన ఘనుడెవడో తెలిసిందా నూకరాజూ? చెవి పట్టుకుంటానన్నావు."

నూకరాజు గురువు వైపు చూశాడు. ఆచారి గారు పానా తుడుచుకుంటున్నారు, ఇటు చూడటం లేదు. "తెలీదండి" అంటే చాలు, ఆవిడ వెళ్లిపోతారు. ఆ పేరు పెట్టి పిలిచే గౌరవం, ఆ చాచిన మెడ, తొమ్మిదేళ్లుగా కట్టుకున్నదంతా ఎక్కడిదక్కడే ఉంటుంది.

"తెలిసిందండి," అన్నాడు. "నేనేనండి."

మంగాయమ్మ గారు అతని చెవి వైపు చూశారు.

"సరేలే," అన్నారు బండి ఎక్కుతూ. "మళ్లీ కారిందంటే ఎవర్ని పట్టుకోవాలో ఇప్పుడు నాకు తెలుసు."

"ఒక్క నిమిషం ఆగమ్మా," అన్నారు ఆచారి గారు.

పానా పక్కన పెట్టి, తన పంచ్ తీసి నూకరాజు అరచేతిలో పెట్టారు.

"కొట్టు."

నూకరాజు చెయ్యి అలవాటుగా చొక్కా జేబు దాకా వెళ్లింది. అక్కడ ముఖమల్ గుడ్డ తగిలింది. చెయ్యి ఖాళీగానే వెనక్కొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరుగుతుంటే అడిగాడు.

"దేనికండీ గురువు గారూ? పాడు చేసినందుకా, బాగు చేసినందుకా?"

"ముద్ర మెప్పుకి కాదురా," అన్నారు ఆచారి గారు. "దొరకడానికి."

నూకరాజు మూడు చుక్కల పక్కన పంచ్ ఆనించి, సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు.