చిన్న సుత్తి మనవి

ఇది అబద్ధమనగల మొనగాడు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడాలి. కథ మధ్యలో దగ్గడాలూ, పక్కవాణ్ణి గోకి నవ్వడాలూ కుదరవు. ఎవరూ లేవరా? సరే, వినండి మరి.

నెమలిగుట్ట అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలిన ప్రచండబాహు మహారాజుకు ఎన్ని బిరుదులంటే, పొద్దున చదవడం మొదలుపెడితే ఆయన స్నానం, పూజ, భోజనం కానిచ్చి, ఒక కునుకు తీసి లేచినా ఇంకా సగం మిగిలి ఉండేవి. చదివి చదివి వందిమాగధుల గొంతులు చిరిగిపోయేవి. చిరిగిన గొంతును ఇంటికి పంపి, కొత్త గొంతును పట్టుకురావడానికి భటులు ఊళ్ళ మీద పడి తిరిగేవారు.

అలా తిరుగుతూ ఒకనాడు కమ్మరి సింగోజు కొలిమి ముందు ఆగారు. సింగోజు పటకారుతో ఎర్రటి ఇనుము పట్టుకుని, చిన్న సుత్తితో టింగుమని తడుతున్నాడు. తట్టిన చోటే తమ్ముడు కొమరోజు సమ్మెట ఎత్తి ధణ్ మని వేస్తున్నాడు. వేటు వేటుకీ "హుమ్!" అని కేక. ఆ కేకకు ఏటి అవతల ఊళ్ళో ఉట్ల మీద కుండలు ఊగేవంటే చూసుకోండి! భటులు మారుమాట లేకుండా కొమరోజును కోటకు పట్టుకుపోయారు.

ఆనాటితో సింగోజు ఒంటరివాడయ్యాడు. పెళ్ళీ పెటాకులూ లేని అన్నదమ్ములు, ఒకరికొకరు తప్ప మరో దిక్కు లేదు. అలవాటు చొప్పున కొలిమి రాజేసేవాడు, ఇనుము కాల్చేవాడు, టింగుమని తట్టేవాడు. తట్టి ఆగేవాడు. రావలసిన దెబ్బ వచ్చేది కాదు. పటకారులోనే ఇనుము నల్లబడిపోయేది. నాగటి కర్రు సాగగొట్టాలంటే ఇద్దరుండాలి. ఒక్కడి చేతిలో అయ్యేవి మేకులూ దబ్బనాలే. రైతులు మెల్లగా పక్క ఊరి కొలిమికి మళ్ళారు.

అన్నం ముందు కూర్చుని, "ఒరే, పులుసు పొయ్యనా?" అనేసి, తన గొంతు తనే విని ఊరుకునేవాడు. కోట వైపు నుంచి గాలి వీస్తే బిరుదుల చదువు సన్నగా వినిపించేది. అన్ని గొంతుల్లోనూ తమ్ముడి గొంతు ఏరుకుని వినేవాడు. "వీడికి జలుబు చేసినట్టుందే" అనుకుని, కషాయం ఇచ్చే దారి లేక చేతులు ముడుచుకుని కూర్చునేవాడు.

ఇంతలో రాజుగారికి ఒక కోరిక పుట్టింది. పొరుగు రాజు తన వీణ తానే వాయిస్తాడట. "కత్తి పట్టడం ప్రతి రాజూ చేస్తాడు. కత్తి చెయ్యడం మేమొక్కరమే చేస్తాం. అంతఃపురం పెరట్లో మాకొక బుల్లి కొలిమి కావాలి!" అన్నాడు. సింగోజుకు కబురు వెళ్ళింది.

సింగోజు వచ్చి దణ్ణం పెట్టాడు. "సామానంతా చేసి పెడతాను ప్రభూ. నా తమ్ముణ్ణి నాకిప్పించండి."

"ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకోం" అన్నాడు రాజు, మీసం సవరిస్తూ. "ఆజ్ఞ ఇవ్వడమే గాని వినడం ఎరగని వంశం మాది. మాకు ఆజ్ఞ ఇచ్చి, మా చేత పని చేయించిన వాడంటూ ఒకడు కనబడితే, వాడు కోరింది ఇస్తాం."

"మాటేనా ప్రభూ?"

"మాటే! అలాంటివాడు పుట్టాలిగా!"

సింగోజు ఇంటికి వచ్చి పనిలో దిగాడు. ఎంత పనంటారు! ఎనుబోతు తోళ్ళు కుట్టి, నిప్పుకు గాలి ఊదే తిత్తి చేశాడు. దాన్ని ఒక్కసారి ఒత్తి చూస్తే ఆకాశంలో మబ్బు జిల్లా దాటిపోయింది. ఇనుము పెట్టి కొట్టే దిమ్మె ఉందే, దాకలి, దాన్ని మోసిన బండి ఎద్దులు ఇప్పటికీ వంగే నడుస్తాయి. పటకారు చెయ్యడానికి పాత పటకారును మోకాళ్ళ మధ్య బిగించి, రెండు చేతులా తమ్ముడి సమ్మెట తానే ఎత్తి వేశాడు. కాలి మీద నిప్పురవ్వలు పడుతున్నా కదల్లేదు. ఆఖరున రెండు సుత్తులు చేశాడు. ఒకటి గుమ్మడికాయంత సమ్మెట. రెండోది నిమ్మకాయంత సుత్తి.

కొలిమి ప్రారంభం నాడు పెరడంతా పరివారమే. రాణిగారు గవాక్షంలో కూర్చున్నారు. ఒక పక్కన వందిమాగధుల వరస, ఆ వరసలో పట్టు తలపాగాతో కొమరోజు. బాగా చిక్కిపోయాడు. సింగోజు ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఈ రెంటిలో మాది ఏది?" అన్నాడు రాజు.

"తమరి చిత్తం ప్రభూ. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

"పెద్దది ఉండగా మేము చిన్నది ముట్టుకోవడమా!" రాజు సమ్మెట అందుకున్నాడు.

"అయితే ఈ చిన్నది నేను పట్టుకుంటాను. దెబ్బ ఎక్కడ పడాలో తమరికి మనవి చేస్తూ ఉంటుంది."

"మనవా? చేసుకోనీ, చేసుకోనీ."

అంతఃపురం దాది ఒకతె తిత్తి ఒత్తింది, ఇనుము ఎర్రబడింది. సింగోజు టింగుమని తట్టాడు. అంతే, అక్కడ వరసలో "రాజమార్తాం..." అంటున్న కొమరోజు నోట "హుమ్!" అని వచ్చేసింది. సింగోజు తలెత్తలేదు. ఎత్తితే కళ్ళలో నీళ్ళు దాకలి మీద పడతాయి.

టింగ్. రాజు సమ్మెట ధణ్. ఇక్కడ టింగ్, ఇక్కడే ధణ్. అక్కడ టింగ్, అక్కడే ధణ్. కిరీటం జారి చెవి మీదికి వచ్చినా రాజు ఆగలేదు. ఇక చాలన్నట్టు సింగోజు చిన్న సుత్తిని ఉత్తి దాకలి మీద రెండుసార్లు దొర్లించాడు. రాజు ఠక్కున ఆగిపోయాడు.

"చూశావా మా ప్రతాపం!"

"చూశాను ప్రభూ. ఇంత చెప్పినమాట వినే సమ్మెటగాణ్ణి ఎక్కడా చూడలేదు."

రాజు ముఖం కొలిమిలో ఇనుమైంది. "ఏమన్నావు? అది మనవి అని నువ్వే అన్నావు!"

"అన్నాను ప్రభూ. కాలువ పూడిక తీయించమని మా ఊరివాళ్ళు మనవి చేసుకుంటే తమరు 'చూద్దాం' అన్నారు. పన్ను తగ్గించమని మనవి చేసుకుంటే 'ఆలోచిద్దాం' అన్నారు. ఇందాకటి నుంచి ఈ చిన్నది చేసిన ఏ మనవికైనా తమరు 'చూద్దాం' అన్నారా? ఆలోచించకుండా చేసేశారే! దాన్ని మా ఇళ్ళలో ఆజ్ఞ అనే అంటారు."

"ఇక వెయ్యం! మమ్మల్నెవరూ..."

సింగోజు మెత్తగా టింగుమనిపించాడు. మాట పూర్తి కాకముందే రాజు చేతులు వాటంతటవే లేచి ధణ్ మన్నాయి.

గవాక్షంలో ఎవరో పకాలుమన్నారు. రాజు సమ్మెట వైపు చూశాడు, తన చేతుల వైపు చూశాడు, ఇక ఆపుకోలేక నవ్వాడు. ఆ నవ్వుకు కోట మీది పావురాలు లేచిపోయి మూడు రాజ్యాల అవతల వాలాయి. "తీసుకుపోవయ్యా నీ తమ్ముణ్ణి!" అని తన చేతి కంకణం తీసి సింగోజు చేతికి తొడిగాడు.

దారిలో కొమరోజు గుసగుసగా అన్నాడు: "గొంతు పోయిందన్నా."

"గొంతెందుకురా? చేతులున్నాయిగా."

అన్నదమ్ములు వెళ్ళిపోయాక పెరట్లో రాజు సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. "చిన్న సుత్తి ఎవరు పడతారు?" అన్నాడు. మంత్రి చేతులు వెనక్కి దాచుకున్నాడు. సేనాపతికి ఉన్నట్టుండి నడుంనొప్పి వచ్చింది. ఒక్కొక్కరే జారుకున్నారు. రాజుకు ఎదురుగా నిలబడి, ఇదిగో ఇక్కడ అని చెప్పేవాడు ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు. కొలిమిలో ఇనుము నల్లబడుతోంది. అంత పెద్ద బిరుదుల మనిషి, తల్లి తప్పిపోయిన పిల్లాడిలా నిలబడిపోయాడు.

అప్పుడు గవాక్షం నుంచి దిగి రాణిగారు వచ్చారు. కొంగు బిగించి, తిత్తి దగ్గరున్న దాదికి సైగ చేసి, ఇనుము ఎర్రబడ్డాక చిన్న సుత్తి తీసుకుని టింగుమన్నారు. రాజు ధణ్ మన్నాడు.

"అక్కడ కాదు. ఇక్కడ" అన్నారు రాణిగారు.

"చిత్తం" అన్నాడు మహారాజు.

ఈ ముక్క సొంత చెవులతో విన్నది తిత్తి ఒత్తిన ఆ దాది. కోట వెనక వీధిలో ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. వెళ్ళి అడగండి. పేరు తిప్పాంబ.