పల్లకీ వెంట పైడమ్మ

లచ్చయ్య గురువుగారిని సూటిగా ఏదైనా అడిగితే సూటిగా జవాబు చెప్పిన పాపాన పోరు. ఆ సంగతి తెలిసీ శిష్యుడు సూరన్న ఒకనాడు అడిగేశాడు. తన మీద లేని దొంగతనం మోపి ఊళ్లో తలెత్తుకోలేకుండా చేసిన చిన్నాన్న కొడుకు ఇప్పుడు మంచాన పడి, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని కబురంపాడట. "క్షమించమని మీరు చెబుతారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?" అన్నాడు. గురువుగారు గడ్డం నిమురుకుని, ఒక కొండసీమ రాజుగారి కథ ఎత్తుకున్నారు.

ఆ రాజుగారు ఖైదీల తరఫున ఎవరి మొరా వినేవారు కాదు. అమ్మవారి జాతర నాడు మాత్రం మినహాయింపు. ఆ రోజు కోట గుమ్మం నుంచి గుడి దాకా ఆయన పల్లకీలో వెళుతుంటే, పల్లకీ అంచు పట్టుకున్నవాళ్లు పట్టు వదలనంతసేపు ఏమైనా చెప్పుకోవచ్చు. చెయ్యి జారిందా, మొర అక్కడితో సరి. దారిలో పల్లకీ ఆగకూడదు. పైగా రాజుగారికి వేగమంటే సరదా, బోయీలకు తమ కాళ్లంటే గర్వం. అందుకే ఆ సీమలో న్యాయం పిక్కబలం ఉన్నవాడిదేనని జనం చాటుగా నవ్వుకునేవారు.

ఆ ఏడు పల్లకీ అంచు పట్టుకున్నది పైడమ్మ. ముసలి ప్రాణం, ఒక మోకాలు సరిగా వంగదు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి కల్లు మత్తులో, కోడిపందెం తగాదాలో, గంగులు అనే బోయీ భుజం విరగ్గొట్టాడు. రాజుగారి పల్లకీ మోసే భుజం మీద దెబ్బంటే రాజుగారి మీద దెబ్బేనని, వాణ్ణి చచ్చేదాకా ఉండమని కొండకోట ఖైదులో పడేశారు. డప్పులు మోగాయి. బోయీలు ఓహోం ఓహోం అంటూ పల్లకీ లేపారు. పైడమ్మ అంచు మీద చెయ్యివేసి తలెత్తి చూస్తే, ముందు కొమ్ము మోస్తున్నది ఎవరనుకున్నారు? ఆ గంగులే. కుడి భుజం వంకర తేలి ఉంది, బరువంతా ఎడమ భుజం మీదే. ఇంకేముంది, వీడు పగబట్టి పరిగెత్తిస్తాడు, నా కొడుకు పని అయిపోయింది అనుకుంది.

అయినా వదల్లేదు. పరిగెత్తింది. జుట్టుముడి ఊడింది, పైట జారింది, కాలికి రాయి తగిలి నెత్తురు కారింది. దారికి రెండు పక్కలా జనం వదలకు, వదలకు అని గోల పెడుతున్నారు. "బాబూ, నా కొడుకు సింహాద్రి" అన్నదాకా చెప్పగలిగింది గానీ, ఆపైన మాటకు ఊపిరి లేదు. చింతతోపు మలుపు దగ్గర ఆమె వేళ్లు ఒక్కొక్కటే జారిపోసాగాయి.

సరిగ్గా అప్పుడు పల్లకీ నెమ్మదించింది. గంగులు అడుగు తగ్గించాడు. ముందువాడు తగ్గిస్తే వెనకవాళ్లకు తప్పదు కదా, పరుగు కాస్తా నడకైంది. రాజుగారు తెర తొలగించి, ఎవడురా కాళ్లీడుస్తున్నది అని గద్దించారు. కొరడా పట్టుకుని జవాను దగ్గరికొచ్చాడు. గంగులు తల తిప్పలేదు.

"నా బుజం ఇరగ్గొట్టినోడు ఈయమ్మ కొడుకే బాబూ. నానేటీ మరిసిపోనేదు. ఈయమ్మ పరిగెట్టనేకపోతంది."

రాజుగారు ఆ వంకర భుజాన్ని చూశారు, అంచు మీది ముసలి చేతిని చూశారు. జవానును వెనక్కి పొమ్మని సైగ చేసి, పల్లకీని అలాగే పోనివ్వమన్నారు. పైడమ్మ గుడి దాకా నడుస్తూ, ఏడుస్తూ చెప్పుకుంది. కొడుకు తప్పు చేయలేదని మాత్రం అనలేదు. గుడి మెట్ల దగ్గర పల్లకీ దించేసరికి సింహాద్రి సంకెళ్లు తీయమని ఆజ్ఞ అయింది. జాతరంతా ఈలలు, కేకలు. పైడమ్మ సంతోషం పట్టలేక గంగులు కాళ్ల మీద పడబోతే, వాడు ఆమెను లేవనెత్తి, తలగుడ్డ సర్దుకుంటూ వెళ్లిపోయాడు.

సూరన్నకు ఆత్రం ఆగలేదు. "అయితే గంగులు సింహాద్రిని క్షమించినట్టేనా?" అని అడిగాడు.

"వాడి మనసు ఒప్పుకుందో లేదో నాకు తెలియదు నాయనా," అన్నారు గురువుగారు. "కాళ్లు ఒప్పుకున్నాయి."