పంటినొప్పికి ముహూర్తం

కొండవీధి రాజుగారిది మెత్తని మనసే గాని, పంచాంగం చూడందే కాలు కదపరు. ఊరూరా వైద్యుణ్ణి పెట్టి బీదసాదలకు ఉచితంగా మందిప్పించాలని చక్కటి చట్టం రాయించారు. తీరా చాటింపు వేయించబోతే ఆషాఢం వచ్చిపడింది.

"శుభకార్యం కదా, శ్రావణంలో చాటిద్దాం," అన్నారు.

ఈలోగా ఊళ్లలో విషజ్వరాలు ముదిరాయి.

అంతలో రాజుగారికి పంటిపోటు పట్టుకుంది. చిన్నప్పుడు ఆయన్ని పెంచిన దాది ఎర్రవ్వ లవంగాలు నూరి తెచ్చింది. ఆయన ఆత్రంగా నోరు తెరవగానే గిన్నె వెనక్కి లాక్కుంది.

"మంచి పని కదా నాయనా, శ్రావణంలో పెడతాలే."

"నొప్పికి ఆషాఢమేమిటే అవ్వా! ప్రాణం పోతోంది!"

"మా వాడలో జ్వరమొచ్చిన పిల్లల తల్లులూ ఇదే అడుగుతున్నారు నాయనా."

రాజుగారు దవడ పట్టుకుని తల దించుకున్నారు. ఎర్రవ్వ ఆ గడ్డం పైకెత్తి, లవంగం ముద్ద పంటికి అద్దేసింది.

"చట్టం చాటిస్తానని నేనింకా మాటివ్వలేదుగా, మందు పెట్టేశావేం?" అన్నారు రాజుగారు.

"నువ్వు బాధపడుతుంటే ఆగడం నాకు చేతకాదు నాయనా."

నొప్పి తగ్గకముందే రాజుగారు డప్పువాణ్ణి పిలిపించారు.