పక్కపాక బేరం

వెనకటికి బుట్టలల్లుకునే సింహాద్రి, గురవమ్మ అనే ఆలుమగలుండేవారు. ఒకనాడు షావుకారు పేరయ్య డబ్బుసంచితో వాళ్ళ పాకకొచ్చాడు.

"ఈ కొంపకి ఇంత ధర ఎవడిస్తాడు? ఇవాళే అమ్మెయ్యండి," అన్నాడు.

సింహాద్రి మురిసిపోతూ చెయ్యి చాచబోతే గురవమ్మ ఆపింది.

"అలాగే బాబుగారూ. మా తమ్ముడూ ఇల్లు కొనాలని తిరుగుతున్నాడు. పక్కనున్న మీ పాకా ఇంతే కదా, ఇదే ధరకి వాడికిచ్చెయ్యండి."

"భలేదానివే! రాజుగారి బాట పక్కనే పడబోయే చోటు ఇంత చవగ్గా ఇస్తానా?" అనేసి పేరయ్య నాలిక్కరుచుకున్నాడు.

గురవమ్మ నవ్వి, ఆయనకి మజ్జిగిచ్చి సాగనంపింది.

"బాట సంగతి నీకు ముందే తెలుసా?" అడిగాడు సింహాద్రి.

"లేదు మావా. మనకి చెప్పిన ధరకి తనది అమ్ముతాడేమో చూశానంతే. ఆ బాటేదో మన గుమ్మం ముందు పడితే, బుట్టలు నెత్తినెట్టుకుని సంతకెళ్ళే పని నీకు తప్పుతుంది!"